సంజాయిషీ అక్కరలేని బ్రతుకు

చిరంజీవి మనుమనికి తాత దీవించి వ్రాయునది.

హాస్టలు గదిలోని మిత్రుడు, "ముస్లింవై యుండియు నీకింత చక్కని తెలుగెట్లు వచ్చినది?" అని మెచ్చుకోలుగానే అడిగెననియు, ఆ మెచ్చుకోలు తిట్టుకంటె ఎక్కువగా నొప్పించినదనియు వ్రాసితివి. ఆ కుఱ్ఱవానిపై కోపింపకుము. తెరమీద "నిమ్మల్కి" అని నవ్వించు సాయిబును, కన్నులకు సుర్మా పెట్టి బాంబులు దాచు ముష్కరుని, కథానాయకునికై చివరి రీలులో ప్రాణమిచ్చు స్నేహితుని దప్ప నాల్గవ ముస్లింను అతడు చూచియుండడు. దూదేకు వింటి చప్పుడు నడుమ మా నాయన వేమన పద్యములు వల్లించుచుండెనని వానికెవరు చెప్పిరి?

తెరమీది ఆ మువ్వురిలో నాకు మిక్కిలి భయము గొల్పువాడు మూడవవాడగు ఆ స్నేహితుడే. దుర్మార్గుని చూచిన బాలుడు "నేను వీడను గాను" అని తప్పించుకొనవచ్చును. కాని దేశభక్తిని ఋజువు చేయుటకై చచ్చిన మంచి సాయిబును చూచినప్పుడు, మంచివాడనిపించుకొనుటకు తాను ఇతరులకంటె ఏదో అధికముగా చెల్లింపవలసియున్నదని లోలోపల నమ్మును. అది మొదలు క్రికెట్టు ఆటలో అందఱికంటె బిగ్గరగా చప్పట్లు కొట్టుట, బస్సులో ఫోనెత్తి "సలాం" అనబోయి "హలో" అనుట, ఇట్టి జాగ్రత్తలే వాని స్వభావమగును. మఱికొందఱు రోషముతో, ఆ తెర చూపిన వేషమునే కావలెనని తాల్తురు. అదియు తెరకు లొంగుటయే.

పత్రికల సంగతి ఇంతకంటె కఠినము. 2007 మే 18న శుక్రవారపు నమాజు వేళ హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి ప్రార్థనకు వచ్చినవారు మరణించిరి. పిమ్మట పోలీసులు పట్టుకొనినది ముస్లిం యువకులనే. నేరము ఋజువు గాకమునుపే ఎన్నో వార్తలు వారిని ఉగ్రవాదులుగా చిత్రించినవి. తరువాత న్యాయస్థానములు వారిని నిర్దోషులనగా, ప్రభుత్వమే కొందఱికి పరిహారము ప్రకటించినది. 2020లో కరోనా వ్యాప్తికి తబ్లీగీ జమాత్ అను ఇస్లాము ప్రచార సంఘమువారే మూలమని ఘోషించిన మాధ్యమముల తీరును ఆ యేడు ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము తప్పుపట్టినది. కావున అరెస్టునాటి వార్తను చదివి కుమిలిపోక, తేదీ వ్రాసిపెట్టుకొని తీర్పునాటివఱకు దానిని వెంబడింపుము. ఇది ఓపికతో కూడిన పని, అయినను నేర్వదగినది.

ఇంకొక మాట. ఎవరైన నిలదీసినచో నాజరు బుఱ్ఱకథను, షేక్ చినమౌలానా నాదస్వరమును సాక్ష్యముగా చూపవలెనని నీకు తోచును. కరవదిలో పుట్టి శ్రీరంగమున స్థిరపడిన ఆ నాదస్వర విద్వాంసుడు జీవితమంతయు సాధన చేసినది నాదముపై మక్కువచే గాని, ఎవరికో జవాబు చెప్పుటకు గాదు. వారిని వినుము, గర్వింపుము. గుర్తింపు కార్డువలె జేబులో వేసికొని తిరుగకుము. పదవ తరగతి తప్పిన సాయిబుకు, అప్పులలో మునిగిన సాయిబుకు, ఉత్త సోమరికి గూడ ఈ దేశములో పద్మశ్రీ పొందినవానికెంత చోటున్నదో అంతయు నున్నది.

మహమ్మద్ ఖదీర్‌బాబు "దర్గామిట్ట కథలు" సంపాదించి చదువుము. నెల్లూరు సీమ ముస్లిం ఇండ్లలోని అల్లరి, లేమి, వంట, పోట్లాట అందులో కలవు. నీవును కళాశాల సంచికకు కథ వ్రాయుదునంటివి గదా! నీ సాయిబు బాంబు పెట్టనక్కరలేదు, ప్రాణమీయనక్కరలేదు. అద్దె ఆలస్యమైనందులకు ఇంటి యజమానితో వాదించుచుండిన చాలును. రంజాను సెలవులకు వచ్చునప్పుడు ఆ ప్రతి తెచ్చి నాకు చూపుము.