భూగర్భ రైలుప్రయాణము: టికెట్టా, కార్డా?

ఉన్నతవిద్యకై చెన్నపట్టణము చేరిన మన బిడ్డలకు మెట్రో రైలుతో పని పడుచున్నది. ఈ రైలు 2015లో కోయంబేడు, ఆలందూరుల నడుమ మొదలైనది. 2017లో భూగర్భమార్గము తెరువబడినది.

అరుదుగా పోవువారికి క్యూఆర్ టికెట్టు చాలును. నిత్యప్రయాణికులకు డబ్బు నింపుకొను కార్డు మేలు. 2019లో దేశమున ప్రవేశపెట్టిన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు, 2023లో ‘సింగార చెన్నై’ అను పేరుతో ఇచ్చటికి వచ్చినది. ఈ తరగతి కార్డు బెంగుళూరు, ఢిల్లీ మెట్రోలలోను చెల్లును.

ప్రవేశద్వారమున తాకించిన కార్డునే వెలుపలికి వచ్చునపుడును తాకింపవలెను. నడిమి దూరమును బట్టి రుసుము తెగును. కావున ఒకే కార్డుతో ఇద్దరు కలిసి పోవుటకు వీలులేదు.

తల్లిదండ్రులు ముఖ్యముగా గుర్తింపవలసినది మరియొకటి కలదు. ద్వారమువద్ద ఆలస్యము కాకుండుటకై సొమ్ము కార్డులోని చిప్పునందే నిలువయుండును. బ్యాంకును సంప్రదింపకయే రుసుము చెల్లిపోవును. కనుకనే కార్డు పోయినచో అందలి సొమ్మును కాపాడుకొనుట సాధ్యము కాదు. అది బ్యాంకుఖాతా కాదు, జేబులోని చిల్లర వంటిది. ఒక వారమునకు చాలినంతయే నింపి యిచ్చుట వివేకము.

బిడ్డను ఒంటరిగా పంపుటకు ముందు ఒకమారు వెంట ప్రయాణించి ఈ పద్ధతులన్నియు చూపుడు.