మత్తులో చిక్కిన వారికి మన సేవ

మన బోయినపల్లి మండలంలో మిడ్ మానేరు జలాశయం కింద కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి వంటి ఊళ్ళు మునిగాయి. ఇల్లూ పొలమూ పోయిన దుఃఖం చిన్నది కాదు. దుఃఖాన్ని మత్తుతో మరవాలనుకునే వారూ ఉంటారు. మద్యం హరామ్ అని మనకు తెలుసు. మరి ఆ వ్యసనంలో చిక్కిన సోదరునితో మనమెలా మసలాలి?

మద్యం తాగినవాడొకణ్ణి శిక్షించిన తర్వాత ఎవరో శపించగా, దైవప్రవక్త (స) వారించారు. సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దన్నారు (బుఖారీ).

కనుక మొదటి సేవ, నాలుకను అదుపులో ఉంచుకోవడం.

రెండవది, అతణ్ణి గదిలో పెట్టి తాళం వేయకపోవడం. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజీపాం వంటి మత్తుమందులు కలుపుతారు. హఠాత్తుగా మానితే వణుకు, నిద్రలేమి, మతిభ్రమ, ఫిట్స్ రావచ్చు. ప్రాణం మీదికీ రావచ్చు. దీన్ని నటన అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మనసు కుంగిన వారికోసం 2022లో మొదలైన టెలి మానస్ 14416 నంబరు రాత్రింబగళ్ళు ఉచితంగా పలుకుతుంది. చికిత్స పొందడం అల్లాహ్‌పై నమ్మకానికి విరుద్ధం కాదు. చికిత్స చేయించుకోమన్నది ప్రవక్త (స) బోధనే.

మూడవది, దుఃఖాన్ని అణచివేయకపోవడం. కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు ప్రవక్త (స) కంటతడి పెట్టారు. దుఃఖితుల కోసం హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా అనే జావ వండించేవారు. మనమూ కాస్త జావ కాచి ఇచ్చి, పక్కన కూర్చుని, వారి మాట విందాం.

అల్లాహ్ మనకు ఆ సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.