ఫార్మ్‌విల్ పిల్లల బడి

పిల్లలూ! అమెరికా చరిత్ర అనగానే మీరు వాషింగ్టన్, లింకన్ పేర్లు చెబుతారు. ఈసారి మేము మీ ఈడు పిల్లల కథ చెబుతాం.

వర్జీనియాలో ఫార్మ్‌విల్ చిన్న ఊరు. నల్లజాతి పిల్లల కోసం 1939లో కట్టిన మోటన్ హైస్కూలులో 180 మందికే చోటు. 1950 నాటికి 450 మంది దాటారు. కౌంటీవారు కొత్త భవనం కట్టకుండా తారుకాగితం కప్పిన షెడ్లు వేశారు. వానొస్తే కారేవి. చలికాలంలో పొయ్యి పక్కనున్నవారికి చెమటలు, దూరంగా ఉన్నవారికి వణుకు.

1951 ఏప్రిల్ 23న 16 ఏళ్ల బార్బరా జాన్స్, ప్రిన్సిపాలుగారు ఊళ్లోకి వెళ్లేలా చేసి, ఆయన పంపినట్టు చీటీలు పంపి, అందరినీ హాల్లోకి రప్పించింది. (ఈ ఒక్కటి మాత్రం మీరు నేర్చుకోకండి!) సమ్మె చేద్దామంది. రెండు వారాలు ఎవరూ తరగతికి వెళ్లలేదు.

వాళ్లు అడిగింది మంచి భవనమే. వకీళ్లేమో, వేరు బడులే వద్దని అడిగితే వాదిస్తామన్నారు. పిల్లలు, పెద్దలు ఒప్పుకున్నారు. 1954 నాటి బ్రౌన్ తీర్పులో కలిసిన 5 కేసుల్లో విద్యార్థులు మొదలుపెట్టినది ఇదొక్కటే.

తీర్పు వచ్చినా బడి దక్కలేదు. కలిపి చదివించడం ఇష్టంలేక 1959లో కౌంటీ ప్రభుత్వ బడులన్నీ మూసేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. నల్లపిల్లల్లో కొందరిని దూరపు చుట్టాలిళ్లకు పంపారు, చాలామందికి చదువే ఆగిపోయింది. సుప్రీంకోర్టు చెప్పాక 1964లో బడులు తెరిచారు. అయిదేళ్లు! ఒకటో తరగతిలో చేరవలసిన బిడ్డకు పదకొండేళ్లు వచ్చేశాయి.

ఆ పాత భవనం ఇప్పుడు మ్యూజియం. రిచ్‌మండ్ వైపు వెళ్లినప్పుడు అమ్మానాన్నలను అడిగి చూసి రండి.