జ్వరము విడిచిన పిదప కాలేయము

గడచిన వర్షాకాలమున మా తరగతి బాలుడొకడు డెంగీ జ్వరముపడి లేచెను. జ్వరము విడిచి వారము దాటెను, ఆకలియు పుట్టెను. అయినను రక్తపరీక్ష కాగితమున ఎస్.జి.పి.టి. 180 అని యుండుట చూచి అతని తండ్రి కలతచెంది, పసరు పోయించుటకు బయలుదేరెను. ఆ సంఖ్య యేమి చెప్పుచున్నదో విద్యార్థులును తలిదండ్రులును ఎరుగుట అవసరము.

కాలేయ కణములలో రసాయన కార్యములను త్వరపరచు ఎంజైములు కలవు. అందు ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అనువానిని ఇప్పుడు ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. అనియు వ్రాయుదురు. లీటరు ఒకటికి సుమారు 40 యూనిట్ల వరకు సామాన్యము. పరీక్షాశాలను బట్టి కొంత భేదముండును. కణములు దెబ్బతినినప్పుడు ఇవి రక్తములోనికి కారును. బస్తాకు చిల్లుపడినచో గింజలు త్రోవవెంట రాలునుగదా! రాలిన గింజలవలన చిల్లు సంగతి తెలియునేగాని, బస్తాలో నెంత ధాన్యము మిగిలియున్నదో తెలియదు. కాలేయము తన పని చేయుచున్నదా యనుటకు బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తము గడ్డకట్టు కాలము చూడవలెను.

ఎ.ఎస్.టి. గుండెయందును కండరములందును గూడ కలదు. 1954లో లడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనువారు దీని పెరుగుదలను ప్రకటించినది గుండెపోటు రోగుల రక్తమును గూర్చియే. డెంగీలో ఇది తరచుగా ఎ.ఎల్.టి. కంటె అధికముగా నుండును. తీవ్రమైన వ్యాయామము చేసినవారికిని ఇవి పెరుగవచ్చును గావున, బాలులారా, ఆటలపోటీల మరునాడు ఈ పరీక్షకు పోకుడు.

రక్తమునందలి ఎ.ఎల్.టి. సుమారు 47 గంటలకు సగమగును. అట్లయిన 180 రెండు దినములకు 90, నాలుగు దినములకు 45 కావలెనుగదా యని లెక్కలు నేర్చినవాడడుగును. కాని కారుట ఒక్కసారిగా ఆగదు; కణములు మెల్లగా కోలుకొనును. అందుచే వారములు పట్టును. ఒక్క సంఖ్య కంటె, అది దిగుచున్నదా ఎక్కుచున్నదా యనునదే ముఖ్యము. నెలలు గడచినను దిగనిచో వేరు కారణము వెదుకవలెను. కన్నులు పచ్చబడినను, వాంతులు ఆగకున్నను, రక్తము కారినను, మాట తడబడినను ఆలస్యము కూడదు.

పసరులో నేమి కలిసినదో ఇచ్చువాడు చెప్పడు. కొన్ని మూలికలే కాలేయమును చెరచును. పారాసిటమాల్ వైద్యుడు చెప్పిన మోతాదు మించరాదు. జలుబు మందులలోను అదియే యుండుట పలువురు గమనింపరు. డెంగీలో ఆస్పిరిన్ రక్తస్రావమును హెచ్చించును. విషజ్వరములలో బాలురకు దానిని తమంతట తాము ఈయరాదు.

ఆ తండ్రి పసరు మానెను. మూడు వారములకు 62, మరి నాలుగు వారములకు 34 వచ్చెను. ఆ కాగితము తెచ్చి నాకు చూపి, బాలుని మరల కబడ్డీకి పంపవచ్చునా యని యడిగెను. వైద్యుని అడుగుమంటిని.