డ్రెస్ అంటే ఒక్క బట్టలేనా?



సంక్రాంతి సెలవుల తర్వాత ఐదో తరగతి పిల్లలను పండగ గురించి ఇంగ్లిష్‌లో పది వాక్యాలు రాయమన్నాను. చక్కగా రాసే ఒక బాబు తొమ్మిదే రాసి పుస్తకం ఇచ్చేశాడు. పదోది ఏమైందని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. "కొత్త డ్రెస్ గురించి రాద్దామనుకున్నాను మేడమ్. అమెరికా నుంచి వచ్చిన మా పెదనాన్నవాళ్ల అక్క ఆ మాట విని, నువ్వు డ్రెస్ వేసుకుంటావా అని అందరి ముందూ నవ్వింది."

ఈ నెల పాఠం ఆ పదో వాక్యం గురించే.

ఎవరిది తప్పు?

ఇద్దరిదీ కాదు. తెలుగులో డ్రెస్ అంటే ఒంటిమీది బట్టల జత. అబ్బాయి ప్యాంటు, చొక్కా కూడా డ్రెస్సే. యూనిఫామ్ "స్కూల్ డ్రెస్". "పెళ్లికి చీర కట్టుకుంటావా, డ్రెస్ వేసుకుంటావా?" అని ఆడవాళ్లు అడిగితే అక్కడ డ్రెస్ అంటే చుడీదార్. ఈ మాట మన ఇళ్లలో తెలుగు మాటే అయిపోయింది, కాబట్టి ఇంట్లో మానేయక్కర్లేదు.

ఇంగ్లిష్‌లో మాత్రం "ఎ డ్రెస్" అంటే పైభాగం, స్కర్టు కలిసి ఒకటిగా ఉండే ఆడపిల్లల దుస్తు. మనం గౌను, ఫ్రాక్ అనేది అదే. అందుకే ఆ అక్కకు నవ్వొచ్చింది. బాబు రాయాల్సింది "న్యూ క్లోత్స్" అని, లేదా "ఎ న్యూ షర్ట్ అండ్ ట్రౌజర్స్" అని.

ముందున్న "ఎ" తీసేస్తే మాత్రం సంగతి వేరు. "ట్రెడిషనల్ డ్రెస్", "ఫార్మల్ డ్రెస్", "డ్రెస్ కోడ్" అన్నప్పుడు అది దుస్తుల తీరు. ఆడా మగా అందరికీ వర్తిస్తుంది. "ది బాయ్స్ కేమ్ ఇన్ ట్రెడిషనల్ డ్రెస్" అనడం పూర్తిగా సరైనదే.

అసలు అర్థం వేరే

ఈ మాట లాటిన్‌లో పుట్టి, పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. "డైరెక్ట్", "అడ్రస్" దీని చుట్టాలే. మొదట్లో దీని అర్థం సరిచేయడం, వరసగా అమర్చడం. బట్టల అర్థం తర్వాత వచ్చింది. మన "తీర్చిదిద్దడం" దీనికి బాగా దగ్గర. ఆ ఒక్క అర్థం పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే తెలుస్తాయి.

ఆస్పత్రిలో నర్సు గాయానికి డ్రెస్సింగ్ చేస్తుంది. అంటే శుభ్రం చేసి, మందు పెట్టి, కట్టు కడుతుంది.

చికెన్ షాపులో డ్రెస్డ్ చికెన్ అంటే ఈకలు తీసి, శుభ్రం చేసిన కోడి. ఇక్కడ "డ్రెస్" చేస్తే ఉన్నవి కూడా పోతాయి! పిల్లలకు ఈ ఉదాహరణ బాగా గుర్తుంటుంది.

సలాడ్ మీద కలిపే నూనె, నిమ్మరసం లాంటివి డ్రెస్సింగ్.

ఎన్‌సీసీ పరేడ్‌లో "దాహినే సజ్" అంటారు. ఇంగ్లిష్‌లో అది "రైట్ డ్రెస్". అంటే కుడివైపు చూసి వరస సరిచేసుకోమని.

వార్షికోత్సవానికి ముందు వేషాలతో సహా చేసే చివరి రిహార్సల్ డ్రెస్ రిహార్సల్.

పాత సినిమా హాళ్లలో డ్రెస్ సర్కిల్ టికెట్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండు నాటకశాలల్లో ఆ మొదటి అంతస్తు సీట్లకు దర్జా దుస్తుల్లో వచ్చేవారు. ఆ పేరే మన హాళ్లకూ వచ్చింది.

ఎవరికైనా "డ్రెస్సింగ్ డౌన్" ఇచ్చారంటే మాత్రం బట్టలతో పని లేదు, గట్టిగా చీవాట్లు పెట్టారని అర్థం.

పొద్దున్నే పనికొచ్చే మాట

బస్సు వచ్చే వేళకు మనం "వేర్ యువర్ డ్రెస్ ఫాస్ట్" అంటుంటాం. "గెట్ డ్రెస్డ్ క్విక్లీ" అనండి. ఒక్క షర్టో, బూట్లో తొడుక్కోమనాలంటే "పుట్ ఆన్ యువర్ షూస్". తొడుక్కునే పనికి "పుట్ ఆన్", తొడుక్కుని ఉండటానికి "వేర్". "షి ఈజ్ వేరింగ్ ఎ బ్లూ షర్ట్" అంటే ఆమె ఒంటిమీద ఇప్పుడు నీలం షర్టు ఉందని.

ఇంట్లో చేసి చూడండి

ఈ ఆదివారం మీ పిల్లలతో కలిసి బయటికి వెళ్లినప్పుడు డ్రెస్ అనే మాట ఎక్కడెక్కడ కనిపిస్తుందో, వినిపిస్తుందో రాయించండి. బట్టల షాపు, మెడికల్ షాపు, హోటల్ మెనూ, ఏదైనా సరే. ప్రతిదాని పక్కనా అర్థం తెలుగులో రాయమనండి. సోమవారం క్లాసులో చదివిస్తాం.

ఒక్క మనవి. పిల్లలు మాట తప్పుగా వాడితే చుట్టాల ముందు నవ్వకండి, ఎవరైనా నవ్వితే పిల్లల పక్షాన నిలబడండి. తర్వాత విడిగా కూర్చోబెట్టి సరైన మాట చెప్పండి. మా బాబు పదో వాక్యం "మై ఫాదర్ బాట్ మీ న్యూ క్లోత్స్" అని రాశాడు. అడగకుండానే పదకొండోది కూడా రాశాడు, "ది షర్ట్ ఈజ్ బ్లూ" అని.

- ఇంగ్లిష్ విభాగం