నిద్రమాత్ర పేరు అడిగావు కదా

శ్రీకాంత్,

మీ బాపుకు రాత్రిళ్లు నిద్ర పడతలేదు, మంచి మాత్ర ఉంటే పేరు రాయమన్నావు. ఆ పేరు నేను రాయను బిడ్డా. ఎందుకో నీ ఉత్తరంలోనే ఉంది. గురక వాకిట్లోకి వినిపిస్తుందని, నడుమ ఆగిపోయి ఉక్కిరిబిక్కిరై లేస్తాడని, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి పోతాడని, పొద్దున తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, రెండు మాత్రలు వేసినా బీపీ దిగడం లేదని నువ్వే రాశావు. ఇవన్నీ ఒక్క మనిషిలో కనిపిస్తే డాక్టరు ముందుగా అనుమానించేది మామూలు నిద్రలేమిని కాదు, స్లీప్ ఆప్నియాను. నిద్రలోకి జారగానే గొంతు వెనక కండరాలు వదులై గాలి పోయే దారిని మూసేస్తాయి. కనీసం పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు ఊపిరి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని ఒక్క క్షణం లేపుతుంది, గాలి ఆడగానే మళ్లీ నిద్ర. ఊపిరి ఇట్లా ఆగడం, తగ్గడం గంటకు అయిదుసార్ల లోపయితే భయం లేదు. 15 దాటితే చికిత్స తప్పదు, 30 దాటితే తీవ్రమైన జబ్బు కింద లెక్క. లేచిన సంగతి ఆయనకు గుర్తుండదు గానీ గుండెకు మాత్రం రాత్రంతా విశ్రాంతి లేదు. మొండి బీపీ, గుండె దడ, పక్షవాతం ఈ జబ్బు వెంట రావడానికి కారణం అదే.

ఇప్పుడు ఆ మనిషికి నిద్రమాత్ర ఇస్తే ఏమవుతుందో ఆలోచించు. మెడికల్ షాపులో చాలామంది అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలం లాంటివి కండరాలను ఇంకా వదులు చేస్తాయి, ఊపిరి ఆగినప్పుడు మెదడు ఉలిక్కిపడే గుణాన్ని మొద్దుబారుస్తాయి. అంటే ఆయన ప్రాణాన్ని రాత్రంతా కాపాడుతున్న ఆ ఒక్క మెలకువనే మనం తీసేస్తున్నాం. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దాన్ని షెడ్యూల్ హెచ్1లో పెట్టింది ఊరికే కాదు. రాత్రి తాగే మద్యం కూడా గొంతుకు చేసేది ఇదే.

కల్లు తాగితే హాయిగా పడుకుంటాడు, మన తాతలు తాగలేదా అని నువ్వు అడుగుతావు. గౌడుల వీరుడు సర్వాయి పాపన్న పుట్టిన ఖిలాషాపురం మన రఘునాథపల్లి మండలంలోనే ఉంది. తాడెక్కే గౌడన్నల కష్టం మీద నాకెంతో గౌరవం. తాతలు తాగింది చెట్టు కల్లు. ఇప్పుడు చాలా దుకాణాల్లో దొరికేది మందు కల్లు, అందులో కలిపేది ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్. 2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఒక్కసారిగా ఆగిపోతే, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకుతూ, ఫిట్స్ వచ్చి, పిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రుల్లో చేరారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కాబట్టి మీ బాపుకు కల్లుతో వచ్చే నిద్ర నిద్ర కాదు, మత్తు. అట్లాగని ఈ ఉత్తరం చదివి రేపే సీసా లాక్కోకు. ఏళ్ల తరబడి అలవాటైన ఒంటికి ఆ మందు హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే. డాక్టరు చేతిమీదుగా మెల్లగా తగ్గించాలి.

బాపు బక్కపలచని మనిషి, లావువాళ్ల జబ్బు ఆయనకెట్లా వస్తుందని కూడా అనిపించవచ్చు. లావు పెద్ద కారణమే గానీ ఒక్కటే కాదు. దవడ చిన్నదిగా, వెనక్కి ఉన్నవాళ్లకు సన్నగా ఉన్నా వస్తుంది, మన ఆసియా వాళ్లలో ఇది ఎక్కువే. మన దేశంలో దాదాపు 10.4 కోట్లమంది పెద్దవాళ్లకు ఈ జబ్బు ఉండవచ్చని ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో లెక్కగట్టారు. గురక పెడితే గాఢనిద్ర అని అందరం నమ్మడం వల్లే వాళ్లలో చాలామంది పరీక్షకు పోరు. నిద్ర పట్టని ప్రతివాళ్లకూ ఇదే జబ్బని కూడా అనుకోకు. పడుకోగానే కాళ్లు గుంజుతున్నాయని, లేచి నడిస్తేనే నెమ్మది అని మీ అమ్మ అంటున్నదని రాశావు. అది రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు, ఇనుము తక్కువైతే ముదురుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణ ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. ఆమెకు కావలసింది ఫెరిటిన్ అనే రక్తపరీక్ష, తక్కువుంటే ఐరన్. ఇక ఏ జబ్బూ లేకుండా నెలల తరబడి నిద్ర రాకపోయినా మొదటి చికిత్స మాత్ర కాదు. పడక వేళలు, అలవాట్లు, నిద్ర గురించిన రంది, వీటిని సరిచేసే సీబీటీ పద్ధతినే ముందు వాడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2016లో చెప్పింది. ఒకే ఇంట్లో ఇద్దరి బాధకు రెండు కారణాలున్నప్పుడు ఒక్క మాత్ర ఇద్దరికీ ఎట్లా సరిపోతుంది?

ఖర్చు సంగతి నాకూ తెలుసు. రాత్రి ముక్కుకు మాస్కు పెట్టి గాలి పంపే సీప్యాప్ మిషన్ పదుల వేలల్లో ఉంటుంది, అలవాటు పడడానికి కొన్ని వారాలు ఓపిక కావాలి. సిడ్నీలో కొలిన్ సలివన్ కనిపెట్టి 1981లో ప్రకటించిన ఈ గాలి యంత్రమే ఇప్పటికీ తీవ్రమైన ఆప్నియాకు మేలైన చికిత్స. కానీ అందరికీ అదే అక్కర్లేదు. ఎంత ముదిరిందన్నదాన్ని బట్టి కొందరికి పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం, కొందరికి దవడను ముందుకు పట్టి ఉంచే పరికరం, ఇంకొందరికి ముక్కు, టాన్సిల్స్ ఆపరేషన్ సరిపోతాయి. ఏది కావాలో చెప్పేది పరీక్ష. అందుకే పరీక్షకు పెట్టే డబ్బు దండగ కాదంటున్నాను.

ముందు జనగామ ప్రభుత్వాసుపత్రిలో చూపించు, 2023 నుంచి అక్కడ మెడికల్ కాలేజీ కూడా నడుస్తోంది. వాళ్లు వరంగల్ ఎంజీఎంకు గానీ హైదరాబాద్ నిమ్స్‌కు గానీ రాస్తే వెనకాడవద్దు. నిద్ర పరీక్ష అంటే కోత, నొప్పి ఏమీ ఉండవు. తలకు, ఛాతీకి, కాళ్లకు తీగలు, వేలికి క్లిప్పు పెట్టి ఒక రాత్రి పడుకోబెడతారు. పోయే ముందు ఆయన పడుకున్నప్పుడు ఊపిరి ఆగడం నీ ఫోన్‌లో రెండు నిమిషాలు వీడియో తీసి డాక్టరుకు చూపించు. కల్లు ఎన్నేళ్ల నుంచి, రోజుకు ఎంత తాగుతాడో దాచకుండా చెప్పు. మొహమాటపడితే మందులు తప్పుగా పడతాయి. చికిత్స మొదలై పగటి కునుకు తగ్గేదాకా వరంగల్ రోడ్డు మీద ఆయనకు బండి ఇవ్వకు. డాక్టరు ఏమన్నదీ రాయి, డబ్బు సంగతి నేనూ మీ బాపూ మాట్లాడుకుంటాం.

మీ పెద్దబాపు