వేలిముద్ర వేసే ముందు

రాంనగర్ చేపల మార్కెట్ ఆదివారం పొద్దున కిటకిటలాడుతుంది. చిక్కడపల్లి నుంచి, నారాయణగూడ నుంచి, అశోక్‌నగర్ నుంచి జనం సంచులు పట్టుకొని వస్తారు. ఆ మార్కెట్‌లో ఒక అత్తమ్మ చేపలు అమ్ముతుంది. ఆమె కోడలు అశోక్‌నగర్‌లో మూడు ఇళ్లలో పని చేస్తుంది. కొడుకు ఆటో నడుపుతాడు.

అత్తమ్మకు నోటి లెక్క ఎప్పుడో వచ్చు. అక్షరాలు మాత్రం రాకపోయేవి. నిరుడు బస్తీలో రాత్రి బడి పెట్టారు. అత్తమ్మ చేరింది. ఇప్పుడు కూడబలుక్కొని చదువుతుంది. బస్సు మీద పేరు చదువుతుంది. చీటీ పాట కాగితం చదువుతుంది. కోడలు చిన్నప్పుడు మూడో తరగతి దాకా చదివి మానేసింది. చదివింది మరిచిపోయింది. "పని చేసి అలిసిపోత, నాకెందుకు బడి" అంటుంది.

2025 వేసవిలో ఆ ఇంటికి ఒక ఏజెంటు వచ్చాడు.

"కువైట్‌ల ఇంటి పని ఉందమ్మా. నెలకు నలభై వేలు. తిండి, బస వాళ్లదే. రెండేళ్లు చేస్తే మీ ఆటో అప్పు తీరుతది. అరవై వేలు కట్టాలె. పాస్‌పోర్టు ఇటివ్వు" అన్నాడు.

కోడలికి ఆశ పుట్టింది. ఆటో అప్పు తీరలేదు. బిడ్డ బడి ఫీజు కట్టలేదు. పాస్‌పోర్టు తీసి ఇచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఏజెంటు ఒక కాగితం తెచ్చాడు.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా. రేపు డబ్బు తయారు పెట్టు" అన్నాడు.

అత్తమ్మ అప్పుడే మార్కెట్ నుంచి వచ్చింది. చేతులు కడుక్కుంది. కాగితం మీదికి వంగింది.

"ఆగు బిడ్డా. ముద్ర యాడికి పోతది? ఇండ్ల ఏం రాసుందో చూడనియ్యి" అంది.

ఏజెంటు నవ్వాడు. "నీకేం తెలుస్తది పెద్దమ్మా" అన్నాడు.

"తెల్వకుంటే అడుగుత. కాగితం ఈ రాత్రి మా ఇంట్లనే ఉండనియ్యి" అంది అత్తమ్మ.

కాగితంలో ఏముంది?

ఆ రాత్రి కాగితం రాత్రి బడికి వెళ్లింది. టీచరమ్మ దీపం దగ్గరికి జరిపింది. అత్తమ్మ ఒక్కో మాటా కూడబలుక్కొని చదివింది.

"నెల జీతం 80 దినార్లు."

"మొదటి మూడు నెలల జీతం పన్ను కింద కోత."

"వీసా: సందర్శక వీసా."

మూడే మాటలు. మూడింటిలోనూ చిక్కు ఉంది. పెద్దా చిన్నా అందరూ చుట్టూ కూర్చున్నారు. కువైట్‌లో ఆరేళ్లు పని చేసి వచ్చిన పక్కింటి వదిన కూడా వచ్చింది.

మొదటి చిక్కు: జీతం

కువైట్ డబ్బును దినార్ అంటారు. 2025లో ఒక దినార్‌కు రమారమి 280 రూపాయలు వచ్చేవి. ఈ రేటు రోజూ కొంచెం పెరుగుతుంది, తగ్గుతుంది. అత్తమ్మ నేల మీద సుద్దతో లెక్క వేసింది.

80 × 280 = 22,400 రూపాయలు.

"నలభై వేలన్నడు గదా అత్తమ్మా!" అంది కోడలు.

"నోటితో నలభై వేలు. కాగితం మీద ఇరవై రెండు వేలు. రేపు తగువు పడితే ఏది నిలబడుతది? కాగితమే" అంది అత్తమ్మ.

పక్కింటి వదిన తనకు తెలిసింది చెప్పింది. అక్కడ ఇంటి పనిమనిషిని ఖద్దామా అంటారు. తీసుకెళ్లిన యజమానిని కఫీల్ అంటారు. కువైట్ ప్రభుత్వం 2015లో ఇంటి పనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. ఒప్పందం పూర్తయ్యాక, చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి. 2016లో నెలకు కనీసం 60 దినార్లు ఇవ్వాలని నిర్ణయించారు.

"చట్టం ఉంది. గని ఇంట్ల తలుపు మూసినంక చట్టం కనబడదు వదినా. చేతిల ఒప్పందం కాగితం ఉంటేనే అడగడానికి నోరొస్తది" అంది ఆమె.

రెండో చిక్కు: పన్ను

"పన్ను కోస్తరు నిజమే గదా! నేను పని చేసే ఇంటి అమ్మగారి కొడుకు అమెరికాల ఉన్నడు. జీతంల సగం పన్నుకే పోతదని ఆమె రోజూ అంటది" అంది కోడలు.

టీచరమ్మ విడమరచి చెప్పింది.

"అమెరికా పద్ధతి వేరు. అక్కడ ఉద్యోగం చేసే మన తెలుగు ఇంజనీర్లకు జీతంలోనే ఆదాయపు పన్ను పట్టుకుంటారు. కువైట్ పద్ధతి వేరు. కువైట్‌లో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. సౌదీలో లేదు. దుబాయిలో లేదు. ఖతర్‌లో లేదు. లేని పన్నుకు మూడు నెలల జీతం ఎలా కోస్తారు?"

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మరి ఇక్కడ కట్టాలా?" అని అడిగింది ఒక అక్క.

"ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక లెక్క ఏడాది. పనికని విదేశం పోయిన మనిషి ఆ ఏడాదిలో మన దేశంలో 182 రోజుల కంటే తక్కువ ఉంటే, అక్కడ సంపాదించిన జీతం మీద ఇక్కడ ఆదాయపు పన్ను పడదు. విదేశంలో ఉన్నవాళ్లకు బ్యాంకులో ఎన్ఆర్ఈ ఖాతా అని ఒకటి ఉంటుంది. దాంట్లో వేసుకున్న డబ్బుకు వచ్చే వడ్డీ మీద కూడా ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. కానీ డబ్బు బ్యాంకు ద్వారా రావాలి. హుండీ మనిషితో పంపితే చట్టానికి విరుద్ధం. పోతే అడగడానికి రసీదు కూడా ఉండదు."

అత్తమ్మ మళ్లీ సుద్ద పట్టింది.

మూడు నెలల కోత: 22,400 × 3 = 67,200

ఏజెంటుకు: 60,000

మొత్తం: 1,27,200 రూపాయలు.

"అప్పు తెచ్చే అరవై వేలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 1,800. మూడు నెలలు జీతం రాదు. వడ్డీ మాత్రం ఆగదు" అంది అత్తమ్మ. కోడలు మాట్లాడలేదు. సుద్ద గీతలనే చూస్తూ కూర్చుంది.

మూడో చిక్కు: వీసా

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. సందర్శక వీసా అంటే చూసి రావడానికి ఇచ్చే అనుమతి. దానితో పని చేయకూడదు. కువైట్‌లో ఇంటి పనికి 20వ నంబరు వీసా వేరే ఉంది. పోయిన తర్వాత యజమాని అక్కడ నివాస అనుమతి చేయించాలి. ఆ కార్డును బతాకా అంటారు. సౌదీలో దీన్నే ఇకామా అంటారు. మనవాళ్ల నోట అది అకామా అయింది.

అనుమతి లేకుండా ఉంటే జరిమానా పడుతుంది. పోలీసులకు దొరికితే జైలు. కొట్టినా, జీతం ఇవ్వకున్నా ఫిర్యాదు చేయడానికి భయం. యజమాని ఇంటి నుంచి చెప్పకుండా బయటపడి, అనుమతి లేకుండా తిరిగే వాళ్లను గల్ఫ్‌లో మనవాళ్లు కల్లివెల్లి అంటారు. 2018లోనూ, 2024లోనూ కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. అనుమతి లేనివాళ్లు జైలు లేకుండా దేశం విడిచి వెళ్లడానికి కొన్ని నెలల గడువు ఇచ్చింది. అలాంటి గడువు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం ఏం బతుకు?

"మరి ఏజెంటు ఆ వీసానే ఎందుకు తెచ్చిండు?" అని అడిగింది కోడలు.

"నీ వయసెంత?" అంది టీచరమ్మ.

"ఇరవై ఎనిమిది."

"అందుకే."

మన దేశంలో 1983 నుంచి వలస చట్టం ఉంది. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ పాస్‌పోర్టు అవుతుంది. వాళ్లు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. ఈ అనుమతి ఇచ్చే అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రాంట్స్ అంటారు. ఆ ఆఫీసు హైదరాబాదులోనూ ఉంది. ఇంటి పనికి పోయే స్త్రీకి కనీసం 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ఇలాంటి స్త్రీలను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు. ప్రభుత్వ సంస్థలే పంపాలి. తెలంగాణలో ఆ సంస్థ టామ్‌కామ్. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్.

సందర్శకురాలిగా విమానం ఎక్కితే ఈ తనిఖీ ఉండదు. అందుకే దొంగ ఏజెంట్లు ఆ దారి పట్టిస్తారు. తనిఖీ తప్పించుకున్న మనిషికి రక్షణ కూడా తప్పిపోతుంది. సరైన దారిలో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు వస్తాయి. సందర్శక వీసా మీద పోయినవాళ్లకు ఆ బీమా లేదు.

ఇంకో మాట. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. రెండూ కలిపి 35,400. రసీదు ఇవ్వాలి.

పాస్‌పోర్టు ఇంటికి వచ్చింది

తెల్లవారి ఏజెంటు వచ్చాడు. వాకిట్లో పది మంది పొదుపు సంఘం ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. అత్తమ్మ కాగితం చేతిలో పట్టుకుంది.

"నీ లైసెన్సు నంబరు ఎంత బాబూ? లేని పన్ను ఎట్ల కోస్తరు? చూసొచ్చే వీసాతో పని ఎట్ల చేస్తది నా కోడలు?"

ఏజెంటు గొంతు పెంచాడు. "మీ కోసం ఎంత తిరిగిన! పాస్‌పోర్టు కావాలంటే ఐదు వేలు కట్టండి" అన్నాడు.

"పాస్‌పోర్టు నీది కాదు. ఇస్తవా, ఠాణాకు పోదమా?" అంది కోడలు. ఆ మాట అన్నది అత్తమ్మ కాదు, కోడలే. అందరూ ఆమె వైపు తిరిగి చూశారు.

సాయంత్రానికి పాస్‌పోర్టు ఇంటికి వచ్చింది.

కోడలు గల్ఫ్ ఆశ వదులుకోలేదు. ఆటో అప్పు అలాగే ఉంది. ఒక రోజు పని మానుకొని మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉన్న టామ్‌కామ్ ఆఫీసుకు పోయి వివరాలు కనుక్కుంది. రెండేళ్లు ఆగాలని చెప్పారు. ఆ రెండేళ్లు ఊరికే కూర్చోనంది. ఇప్పుడు రాత్రి బడిలో అత్త పక్కన కోడలు కూర్చుంటుంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయాలని ఆమె కోరిక.

"పోయినా పోకున్నా, ఇగ వేలిముద్ర వెయ్య అత్తమ్మా. సంతకమే చేస్త. చదివినంకనే చేస్త" అంటుంది.

గుర్తుంచుకోండి

1. ఒప్పందం చదవకుండా సంతకం చేయవద్దు, వేలిముద్ర వేయవద్దు. ఒక కాపీ ఇంట్లో ఉంచండి.

2. సందర్శక వీసా మీద పనికి పోవద్దు.

3. పాస్‌పోర్టు మీది. కువైట్‌లో కూడా పనిమనిషి ఒప్పుకోకుండా యజమాని పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోకూడదని చట్టం చెబుతుంది. పాస్‌పోర్టు నంబరు వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి.

4. కష్టం వస్తే అక్కడి భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. కువైట్‌లో ఆ కార్యాలయం ఆడవాళ్లకు తలదాచుకునే చోటు కూడా నడుపుతుంది.

5. సందేహం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేయండి. నంబరు 1800 11 3090. మన దేశంలో ఈ ఫోనుకు డబ్బు పడదు. తెలుగులో మాట్లాడవచ్చు.

ఆలోచించండి, చెప్పండి

1. ఏజెంటు నోటితో చెప్పిన జీతానికీ, కాగితం మీది జీతానికీ తేడా ఎంత?

2. అమెరికాలో పన్ను కోస్తారు. కువైట్‌లో ఎందుకు కోయకూడదు?

3. ఏజెంటు సందర్శక వీసా ఎందుకు తెచ్చాడు?

4. జీతం 100 దినార్లు, దినార్‌కు 280 రూపాయలు అయితే నెలకు ఎన్ని రూపాయలు? లెక్క వేయండి.

5. మీ వాడలో గల్ఫ్ పోయి వచ్చిన వాళ్లు ఉన్నారా? వాళ్లను ఏ ఏ ప్రశ్నలు అడుగుతారు? ఐదు ప్రశ్నలు రాయండి.